పైపు మూతికి గుడ్డ

నంద్యాల

ఏమడిగినా “కానీలే” అనే నాయనకు,

శ్రీవాణి రాస్తోంది. ఫోన్‌లో చెబితే నీకు సగం వినపడదు, మిగతా సగం విననట్టు ఉంటావు. అందుకే ఈ ఉత్తరం.

నువ్విచ్చిన పాత మోటారు సైకిలు బండితో నా ప్రాణం విసిగిపోయింది. ఇంజను కింద ఆయిల్ కారుతూనే ఉంది. మెకానిక్ నబీ రసూలన్న గ్యాస్కెట్ మార్చాడు, కారింది. సీళ్ళు మార్చాడు, కారింది. మొత్తం విప్పి మళ్ళీ బిగించాడు, అయినా కారింది. చివరికి దిష్టి తగిలిందేమో, నిమ్మకాయ కట్టుకో అన్నాడు. ఇంటి ఓనరు రామేశ్వరమ్మ తన నాపరాళ్ళ మీద మరకలు చూసి పొద్దున్నే సుప్రభాతం మొదలుపెడుతుంది. గడివేముల పల్లెల్లో పశువులకు టీకాలు వేయడానికి పోతే, ప్యాంటు మీది జిడ్డు చూసి నన్నే మెకానిక్ అనుకుంటున్నారు. మొన్న నడిదారిలో ఆయిలంతా పోయి బండి ఆగిపోయింది. ఎండకు టీకా మందు చెడిపోయి ఆఫీసులో మాటలు పడ్డాను.

నాయనా, ఒక మాట ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాను. సురేషన్నకు కొత్త ట్రాక్టర్ కొనిచ్చావు. ఆడపిల్లకు మాత్రం నువ్వు వదిలించుకోవాలనుకున్న డొక్కు చాలనుకున్నావు. నాకు చాలా బాధగా ఉంది. కొనేవాళ్ళు దొరికారు. నెలాఖరుకు అమ్మేస్తాను.

నీ కూతురినే,
శ్రీవాణి

ఆళ్ళగడ్డ

కోపగొండి శ్రీవాణికి,

నా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ బండి చుక్క కార్చలేదు. నీకిచ్చేముందు నేనే కడిగి తుడిచినా. ఇంజను వెనక సన్న రబ్బరు పైపు ఒకటి నోరు తెరుచుకోని ఏలాడతాండె. బోరు పైపు మూతి తెరిచిపెడితే కప్పలు దూరతాయని మనం గుడ్డ కుక్కుతాం గదా. నువ్వు తిరిగే దారుల్లో దుమ్ము దూరకుండా దానికీ లోపలికంటా కుక్కినా. ఇంకేం చేయలేదు.

ట్రాక్టర్ మీ అన్న కొట్లాడి కొనిపిచ్చుకున్యాడు. నువ్వేమీ అడగలేదు. అందుకే నేను ఎక్కే బండే నీకిచ్చినా. ఇప్పుడు చేనికి నడిచే పోతాండా. నీకు వద్దనుకుంటే ఎవరికీ అమ్మాకు, నాకే తెచ్చియ్యి.

మద్దిలేటి

నంద్యాల

కప్పల భయమున్న మా నాయనకు,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే నబీ రసూలన్న ఆ పైపు పీకి చూసి తల పట్టుకున్నాడు. “ఇది ఇంజను ఊపిరి వదిలే పైపు పాపా. దీన్ని మూస్తే యాడ సందుంటే ఆడ ఆయిలు కక్కుతాది” అన్నాడు. లోపల నీ గళ్ళ తువ్వాలు ముక్క రాయిలా బిగుసుకుని ఉంది. అది తీశాక ఒక్క చుక్క కారలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

కొనడానికి వచ్చినాయన్ను పంపించేశాను. నువ్వు నడిచిపోతున్నావని నాకెవరూ చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. ఆదివారం బండి మీద వస్తున్నాను. నిన్ను చేనికి నేనే తీసుకుపోతాను. వెనక ఊరికే కూర్చో. దేన్నీ ముట్టుకోవద్దు.

నీ
శ్రీవాణి