గిల్లుడు నేర్చిన వేళ్లు

మెదక్, మంగళవారం

అమ్మకు దండాలు. ఫోన్‌లో నీకు సరిగ్గా వినపడదని ఈ ముక్క రాస్తున్నాను. మేమంతా బాగున్నాం, భయపడకు.

ఇషిత పెన్సిల్‌ని రోకలిలా పిడికిట్లో పట్టుకుంటోందని యూకేజీ టీచర్ నన్ను పిలిపించింది. "పిల్ల వేళ్లల్ల బలం లేదమ్మా. ఇంట్ల జర గిల్లుడు నేర్పుండ్రి" అంది. ఆకుకూర గిల్లడమని ఆమె ఉద్దేశం. నువ్వు పంపిన పుంటికూరంతా పిల్ల ముందు పోశాను. కూర అయిపోయేసరికి దాని వేళ్లు పట్టకారులా తయారయ్యాయి. పెన్సిల్ కూడా చక్కగా పడుతోంది.

కానీ నిన్న బడిలో పక్క పిల్లాణ్ని గిల్లింది. ఎందుకు గిల్లావని టీచర్ అడిగితే, "మీరే నేర్పుమన్నరు గద!" అని ఆమె చేతిని కూడా గిల్లి చూపించింది. నాకు తల కొట్టేసినట్టయింది. టీచర్ ఈసారి, "పిసుకుడు నేర్పుండ్రి. పిండి పిసుకుడు! పిండే!" అని ఒత్తి ఒత్తి చెప్పి పంపింది.

బర్రె ఈనిందా? నాన్న మోకాలి నొప్పి ఎట్లా ఉంది? తమ్ముడితో జున్నుపాలు పంపు, పుంటికూర వద్దు.

కింద ఉన్న వంకర అక్షరాలు ఇషిత మూడు వేళ్లతో పట్టి రాసినవి. "అమ్మమ్మా, జల్ది రా" అని చదువుకో. వచ్చేటప్పుడు మాత్రం నిండు చేతుల జాకెట్ తొడుక్కుని రా.

నీ బిడ్డ,
స్రవంతి