మోడల్ పాదం

జూన్ 4

అకాడమీలో కోచ్ మల్లేష్ సార్ ఈ రోజు అందరి పాదాలూ తడిపించి పొడి గచ్చు మీద నిలబెట్టాడు. ఫ్లాట్ ఫుట్, అంటే వంపులేని అరికాలు, ఉంటే కానిస్టేబుల్ మెడికల్‌లో తీసేస్తారు, అందరికీ అదే భయం. నా అచ్చులో మడమ, వేళ్లు, బయటి అంచున సన్నటి గీత. మధ్యంతా ఖాళీ. అరికాల్లో ఇంత మంచి ఆర్చ్ తన సర్వీసులోనే చూడలేదన్నాడు. గేటు దగ్గర అప్పుడే పోసిన సిమెంటు మీద నన్ను ఒక అడుగు వేయించాడు. కొత్తగా చేరేవాళ్లు చూసి నేర్చుకోవాలట. నేనూ పొంగిపోయాను, దాచడం దేనికి.

జూన్ 19

మళ్లీ చీలమండ బెణికింది. గుంటలేని గ్రౌండ్‌లో.

జూన్ 20

సార్‌కి చెప్పాను. అంత మంచి పాదానికి నొప్పేమిటన్నాడు. పొద్దున్నే లేవలేక సాకులట. చెరువులో వల తీసే బాపు కంటే ముందే లేచేదాన్ని నేను! అందరికీ వేయించినట్టే నా షూలోనూ గట్టి సోల్ వేయించాడు, లోపలి వైపు ఎత్తుగా ఉండేది.

జూలై 2

నొప్పి పాదం బయటి అంచుకు పాకింది. గుమ్మం దగ్గర చూశాను, నా చెప్పులు బయటి వైపే అరిగిపోయాయి. పక్కన బాపు చెప్పులూ అంతే. సక్కగ నడువరాదా అని అమ్మ ఆయన్ని ఇన్నేళ్లూ తిడుతూనే ఉంది.

జూలై 5

దవాఖానలో ఫిజియో మేడమ్ నా షూ తిప్పి చూసింది. నన్ను అటూ ఇటూ నడిపించింది. సూపినేషన్ అంది. అడుగు పడ్డాక పాదం కాస్త లోపలికి ఒరగాలట, అప్పుడే దెబ్బ తగ్గుతుందట. నా ఆర్చ్ మరీ ఎత్తు. పాదం బిగుసుకుని బయటి అంచు మీదే పడుతోంది, పరుగు బరువంతా ఆ అంచే మోస్తోంది. సార్ వేయించిన సోల్ మరీ లోపలికి ఒరిగే కాళ్లకు. నా కాలిని అది ఇంకా బయటికి తోసింది. మెత్తటి షూ వాడమంది, ఎక్స్‌రే తీసేదాకా పరిగెత్తొద్దంది.

ఆ సోల్ అక్కడే పీకేశాను. పళ్లతో పీకాలనిపించింది.

జూలై 6

ఈవెంట్స్, అదే పరుగు పరీక్ష, నెత్తి మీద పెట్టుకుని ఎక్స్‌రేలేమిటన్నాడు సార్. అంతటితో ఆగలేదు. అందరి ముందూ, "గంత సుకుమారమైతే ఇంట్ల కూసొని చేపలు తోముకో. యూనిఫాం ఎందుకు నీకు?"

ఇంటికొచ్చాక వంద జవాబులు వస్తున్నాయి. ఎవరికి చెప్పాలి?

జూలై 10

ఎక్స్‌రే తీయించకుండానే ఈవెంట్స్‌లో పరిగెత్తాను. నోటిఫికేషన్ మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవడికి తెలుసు? చివరి మలుపులో పాదం బయటి అంచున ఏదో పుటుక్కుమంది. గీత దాకా కుంటుతూనే వెళ్లాను. అప్పటికే టైం అయిపోయింది.

జూలై 11

ఎముక విరిగింది. బయటి వైపుదే. కట్టు వేశారు. బాపు నా కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నా కాలే వచ్చింది బిడ్డా నీకు," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

ఏడ్చాను. కోపం ఆయన మీద కాదు, కాలి మీదా కాదు. నా షూ అడుగు ఒక్కసారి తిప్పి చూడని మనిషి మీద. నొప్పి అంటే నాటకం అన్న మనిషి మీద.

ఆగస్టు 29

కట్టు విప్పారు. అకాడమీ గేటు దాకా నడిచాను. రాత్రి వాన పడింది. కొత్త బ్యాచ్ అమ్మాయి, లాస్య అట, సిమెంటు మీది నా అచ్చులో పాదం పెట్టి కొలుచుకుంటోంది. తీయమన్నాను. తీసింది. నీళ్లన్నీ బయటి అంచునే నిలిచాయి. అక్కడే లోతు. నా బరువు ఎటు పడుతోందో మొదటి రోజు నుంచీ అందరి కళ్ల ముందే ఉంది.

"జర నీ షూ తిప్పి సూపియ్," అన్నాను.