బాగున్నప్పుడూ వేసుకునే మాత్ర

అక్కా,

నాకు మతి చలించిందని మన బోధన్ వీధిలో చెప్పుకుంటున్నారట; అది అబద్ధం. నువ్వు పోయాక తిండీ నిద్రా తప్పి, నిజామాబాద్‌లో మానసిక వైద్యుణ్ణి కలిసి, కుంగుబాటుకు మందులు వాడుతున్నాను.

మొన్న నేను చాలా రోజులకు నవ్వితే పక్కింటి లక్ష్మి, "మంచిగైన్రు గదా టీచరమ్మా, ఇగ గోలీలెందుకు? బంద్ జెయ్యున్రి!" అన్నది. నీకూ ఈ కుంగుబాటే వచ్చినప్పుడు, నువ్వూ ఇలాగే నవ్వు రాగానే మందులు ఆపేశావు. నేనే సంతోషించి నీ మాత్రలు పారేశాను. నెల తిరగకముందే మళ్లీ మాట మాని మంచానికి అంటుకుపోయావు.

ఇప్పుడు "వేసుకున్నావా?" అని నన్ను అడిగే మనిషి ఇంట్లో లేరు. నిన్న ఒక్కదాన్నే వెళ్లి డాక్టరును అడిగాను. బాగున్నా ఆపవద్దని, సమయం వచ్చినప్పుడు తానే మెల్లగా తగ్గిస్తానని ఆయన చెప్పారు. అంతవరకు ఒక్క పూటా మాననని తిరుగు బస్సులోనే నిర్ణయించుకున్నాను.