పుట్టీ కింద గీత

ఏవండీ,

మీ సంవత్సరీకం అయ్యాక మొన్న కారు బయటికి తీయించాను. ఏడాదిగా కదలక, మన బందరు ఉప్పుగాలికి అల్లాయ్ చక్రాల మీద రంగు పొక్కులు లేచింది. పాతది తీసి కొత్త రంగు వేయడానికి పెయింటర్ మస్తాన్ ఇంటికే వచ్చాడు.

రిమూవర్ పూసేసరికి రంగు ముడతలు పడి ఊడొచ్చింది. మూడు చక్రాలు శుభ్రంగా తేలాయి. నాలుగోదాన్ని ఎమరీ పేపరుతో బాగా రుద్దాక, "ఇది షెడ్డులో చేసిన పని కాదండీ. ఎవరో పుట్టీని వేలితో మెత్తారు," అన్నాడు. దాని కింద జానెడు గీత ఉంది.

నేను డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో, గుడ్లవల్లేరు కాలువ వంతెన గోడ దగ్గర కారు గీసుకున్న చప్పుడైంది. మీరు దిగి చూసి, "ఏం తగల్లేదులే, పోనివ్వు," అన్నారు. మర్నాడు కారు కడుగుతానని వెళ్ళి పొద్దుగూకేదాకా లోపలికి రాలేదు. నీళ్ళన్నీ పారబోస్తున్నారని విసుక్కున్నాను కూడా. ఆ తర్వాత, కారుకి ఒక్క గీత పడనివ్వలేదని నేను చుట్టాలందరి దగ్గరా గొప్పలు చెప్పుకుంటుంటే, మీరు పక్కనే కూర్చుని తలూపేవారు.

అది మీ వేలి పనని నాకు తెలిసేసరికి ఆ పుట్టీ అంతా పొడై నేల మీద ఉంది.

"పూడ్చేస్తానండీ, కనపడదు," అన్నాడు మస్తాన్. వద్దన్నాను. ఇప్పుడు నాలుగు చక్రాలూ తళతళలాడుతున్నాయి, గీత మాత్రం అలాగే ఉంది. ఎవరైనా అడిగితే చెబుదామని రెండు రోజులుగా చూస్తున్నాను. ఎవరూ అడగడం లేదు.

అందుకే మీకు చెబుతున్నాను. గీసింది నేనేనండీ.