రాగి చెంబులో మజ్జిగ

అన్నం కుక్కర్‌లో ఉంది, పప్పు వేడిచేసుకొని తిను. బిడ్డ కెజియాకు రాత్రి మళ్లీ వాంతులయ్యాయి, దవాఖానాకు తీసుకుపోతున్నా.

కారేపల్లి నుంచి అత్తమ్మ తెచ్చిన రాగి చెంబు దాచేశాను, వెతకకు. "నీళ్లకే గంత బలముంటే మజ్జిగకు ఇంకెంతుంటది" అని రోజూ రాత్రి అందులో పోసిపెట్టి, పొద్దున్నే పిల్లకు తాగించావు. మొన్న డాక్టరమ్మ ఏమన్నదో నీకు చెప్పాను: "పులుపుకు రాగి కరిగి మజ్జిగలోకి దిగుతదమ్మా. చిన్నపిల్ల కడుపు తట్టుకోదు. గిట్లనే తాగిస్తే కాలేయం కూడా పాడైతది." అంతా విని, "మా అమ్మ నొచ్చుకుంటది" అని నిన్న మళ్లీ తాగించావు. డ్యూటీకి పోతూ మళ్లీ పోసిపెట్టావు.

నొచ్చుకోనీ. తబితానే తీసేసిందని ఫోన్ చేసి చెప్పు. నీకు నోరు రాకపోతే నేనే చెప్తా. నేనున్నన్ని రోజులు ఆ చెంబు వంటింట్లోకి రాదు.

నైట్ షిఫ్ట్ చేసి అలిసిపోయి ఉంటావు. కాసేపు పడుకొని రా, బిడ్డ నిన్నే అడుగుతోంది.

– తబితా

నువ్వు పోసిన మజ్జిగ పారబోయలేదు. గాజు గ్లాసులో వంచి బల్ల మీద పెట్టా, అంచంతా ఆకుపచ్చగా తిరిగింది. దాని ఫొటో నువ్వు అత్తమ్మకు పంపు. దవాఖానా మంచం మీది మనవరాలి ఫొటో నేను పంపుతా.