గవర్నరు గారి పాలగ్లాసు

నార్బీ, నార్త్ డకోటా
ఆగస్టు 6, 1928

రాగ్నా అక్కకు,

చేతికంటిన వెన్న తుడుచుకుని తమ్ముడు తోర్వాల్డ్ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. మా ఆవిడ హెల్గా మోకాలి నొప్పి తగ్గింది, దాంతో నోరు పెరిగింది.

ఒక సంగతి నీకు పేపర్లో కనబడేలోపు నేనే చెప్పుకోవాలి. ఈ నవంబరు ఎన్నికల్లో నేను గవర్నరు పదవికి నిలబడుతున్నాను. ఏ పార్టీ తరఫునా కాదు, స్వతంత్రంగా. అంటే నువ్వు ఎవరింట్లో వంట చేస్తున్నావో ఆ విట్కమ్ గారి మీదే.

ఆయన మీద నాకు కోపమేమీ లేదక్కా. మా రోడ్డు సంగతి నీకు తెలుసు. ఇక్కడ బండికెక్కించిన మీగడ రైలు స్టేషను చేరేసరికి ఆ కుదుపులకు సగం వెన్నయిపోతోంది. మీగడకు డబ్బిస్తాం గాని దీనికివ్వం అంటున్నారు అక్కడ కొనేవాళ్ళు. అర్జీలు పెట్టాం, జవాబు లేదు. మొన్న నా పాల కేంద్రం దగ్గర రైతులంతా చేరి ఇదే మాట్లాడుకుంటుంటే, కమ్మరి ఓలుఫ్ "అంత బాధగా ఉంటే నువ్వే గవర్నరువి అవ్వరాదురా" అన్నాడు. "అవుతాను" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు కొంచెం తక్కువగా ఉంటే నేనూ నవ్వేసి ఊరుకునేవాణ్ణి. మరీ పొట్టలు పట్టుకుని నవ్వేసరికి, వెనక్కి తగ్గడానికి సిగ్గేసింది.

నీ దీవెన కోరుతూ,
తోర్వాల్డ్

తా.క. నామినేషనుకు కావలసిన సంతకాలు దొరికాయి. పాస్టరు గారు కూడా పెట్టారు, చర్చి గంట మరమ్మతు కోసమనుకుని. "శుభం, ఇన్నాళ్ళకు ఒకడికి పట్టింది" అని నా భుజం తట్టారు. నిజం చెప్పడానికి నోరు రాలేదు.


బిస్మార్క్
ఆగస్టు 11

తమ్ముడు తోర్వాల్డ్‌కు,

అక్క రాగ్నా గవర్నరు గారి వంటింట్లో పిండి డబ్బా మీద కాగితం పెట్టుకుని రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి నా చేతిలో గరిటె జారిపోయింది. నేను ఆయన ఉప్పు తింటున్నాను, ఆయనకు నేనే ఉప్పు వేస్తున్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని గిన్నె తీసుకెళ్ళి ఆ బల్ల మీద పెట్టను? నా అదృష్టం, పోయిన మా ఆయన ఇంటిపేరు ప్రిచార్డ్ కాబట్టి నేను మన ఎంగెన్ల ఆడపడుచునని ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలియకుండానే ఉండనీ.

ఆయన నువ్వనుకునే మనిషి కాడురా. సాయంత్రం వంటింట్లోకి వచ్చి "రాగ్నా, చాలా బాగుంది" అని చెప్పి వెళ్తారు. తినేదేమో ఏమీ ఉండదు పాపం. కడుపు జబ్బు. గుక్కెడు పాలు తాగితే చాలు, మెలికలు తిరిగిపోతారు. నీళ్ళలో ఉడికించిన ఓట్ల జావే ఆయన విందు. అలాంటి మనిషి మీదా నువ్వు పోటీ?

ఇట్లు,
మన అమ్మ ఉంటే చెవి మెలేసి చెప్పేది, ఇప్పుడు కాగితం మీద చెబుతున్న
రాగ్నా

తా.క. ఎక్కడా నా పేరెత్తకు. రోడ్డు మీద ఎదురుపడినా నన్ను ఎరగనట్టే ఉండు.


నార్బీ
సెప్టెంబరు 9

అక్కకు,

తల వంచుకుని తోర్వాల్డ్ రాస్తున్నది.

పేపరు చూసే ఉంటావు. అందులో ఉన్నట్టు కాదు జరిగింది. కాదనడానికీ లేదు.

జిల్లా సంతలో పశువుల కొట్టం పక్కన నాకు మాట్లాడే చోటిచ్చారు. రోడ్డు గురించి మొదలుపెట్టాను. వినేవాళ్ళకంటే ఆవులించేవాళ్ళు ఎక్కువ. ఆవులు కూడా అటు తిరిగి నిలబడ్డాయి. ఇంతలో వెనక నుంచి ఒకడు, "ఒరే, విట్కమ్‌లో లేనిదీ నీలో ఉన్నదీ ఏమిటో అది చెప్పు" అని అరిచాడు. "నేను పాలు తాగుతాను, ఆయన తాగడు" అనేశాను.

ఆవులించేవాళ్ళంతా నా వైపు తిరిగారు. తర్వాత ఒక ముసలావిడ "తాగడా?" అంది. "ఒక్క గుక్కా తాగడు" అన్నాను. కడుపు జబ్బు వల్ల అని కూడా అన్నాను అక్కా, ఒట్టు. అది ఎవరికీ వినబడలేదు. అప్పటికే టోపీలు గాల్లోకి ఎగిరాయి. పాడి రైతుల ఓట్లతో గెలిచినవాడు పాలంటే అసహ్యించుకుంటాడా అని గోల. మర్నాడు పేపర్లో "పాలు ముట్టని గవర్నరు" అని పెద్ద అక్షరాలు.

ఇప్పుడు నేనెక్కడికి వెళ్ళినా జనమే. నా చేతికి పాలచెంబు ఇస్తారు, నేను తాగుతాను, చప్పట్లు కొడతారు. రోడ్డు మాటెత్తితే "అది తర్వాత, ఇంకో చెంబు తాగు" అంటున్నారు.

సిగ్గుతో,
తోర్వాల్డ్

తా.క. నాకు పాలంటే మొహం మొత్తేసింది. ఎవరికీ చెప్పకు.


బిస్మార్క్
సెప్టెంబరు 30

తోర్వాల్డ్‌కు,

రాగ్నా రాస్తున్నది. ముందు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువు.

నీ పుణ్యమా అని గవర్నరు గారు ఫోటోల వాళ్ళ ముందు పాలు తాగవలసి వచ్చింది. ఒక ఫోటో సరిగ్గా రాలేదట, మళ్ళీ తాగించారు. నవ్వుతూ తాగారట. ఇంటికొచ్చాక నవ్వలేదు. నేను వేడినీళ్ళ సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడితే, "నువ్వెంత మంచిదానివి రాగ్నా" అన్నారు. నేల చీలితే బాగుండుననిపించింది. చీలలేదు, అది నేనే రుద్ది మెరుగు పెట్టిన చెక్క నేల.

ఇంటి గుట్టు బయటికెలా పొక్కిందని ఆయన కార్యదర్శి అందరినీ పిలిచి అడిగాడు. చివరికి పాలు పోసే జోసెఫ్ మీద పెట్టారు. ఈ ఇంట్లో పాలు ఎంత తక్కువ తీసుకుంటారో వాడికే తెలుసు కదా అని. వాణ్ణి మాన్పించేశారు. వాడు వెళ్తూ నాకు టోపీ తీసి "మీరైనా నమ్మండమ్మా, నేను కాదు" అన్నాడు. "నమ్ముతాను" అన్నాను. నాకంటే బాగా ఎవరు నమ్మగలరు? నిజం చెబుదామని అమ్మగారి గది దాకా వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి, రాత్రికి కూరేం చెయ్యమంటారని అడిగి వచ్చేశాను.

ఇంకో గండం. అభ్యర్థులందర్నీ మర్యాదకు భోజనానికి పిలుస్తున్నారు అమ్మగారు. నువ్వు రాకు. జ్వరమని చెప్పు.

రాగ్నా

తా.క. ఒకవేళ వచ్చావా, నేనెవరో నీకు తెలియదు. పూర్తిగా తెలియదు.


నార్బీ
అక్టోబరు 15

అక్కకు,

రాకపోతే భయపడ్డాడంటారని వచ్చాను. అది తప్పు.

నువ్వు చెప్పినట్టే చేశాననుకున్నాను. మూడో అభ్యర్థి స్లోకమ్ గారు ధాన్యం ధరల గురించి ఉపన్యాసం దంచుతుంటే నేను తలెత్తకుండా తింటున్నాను. విట్కమ్ గారే నన్ను మాటల్లోకి లాగారు. "ఎంగెన్ గారూ, మా వంటావిడ కూడా మీ నార్వే వాళ్ళే. ఎరుగుదురేమో" అన్నారు. నువ్వు నా పక్కనే పులుసుగిన్నెతో నిలబడి ఉన్నావు. అనుమానం రాకూడదని గట్టిగా చెప్పాను, "లేదండీ, వంటవాళ్ళతో నేను పెద్దగా మాట్లాడను" అని.

ఆ వేడి పులుసు నా ఒళ్ళో పడింది. నీ చెయ్యి వణికిందనుకుంటున్నాను. వణికిందనే అనుకోనీ.

అసలు సిగ్గు అది కాదక్కా. నేను తుడుచుకుంటుంటే ఆయన లేచి వచ్చి తన రుమాలిచ్చారు. పక్కన కూచుని "అసలు మీరెందుకు నిలబడ్డారు?" అని అడిగారు. రోడ్డని చెప్పాను. మొత్తం విన్నారు. ఈ రెండు నెలల్లో నా రోడ్డు కథ మొత్తం విన్నది ఆ ఒక్క మనిషే. "ఇది నా దాకా రానేలేదే. గెలిచినా ఓడినా జనవరి లోపు కాగితం కదిలిస్తాను" అన్నారు.

మర్నాడే తప్పుకుందామని వెళ్ళాను. ఓటు కాగితాలు అచ్చయిపోయాయి, నా పేరు తీయడం కుదరదన్నారు. విట్కమ్‌కే వెయ్యండని మా సభలో చెబితే, "పాపం, ఎంత వినయమో" అని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

తోర్వాల్డ్

తా.క. ఆయన రుమాలు పొరపాటున నా జేబులో వచ్చేసింది. హెల్గా ఉతికి ఇస్త్రీ చేసింది. పోస్టులో పంపితే గవర్నరు రుమాలు ఎంగెన్ దగ్గరెలా ఉందని మళ్ళీ పేపర్లో వస్తుందేమోనని భయంగా ఉంది.


బిస్మార్క్
అక్టోబరు 20

తమ్ముడికి,

నా చెయ్యి వణకలేదు.

నన్ను ఎరగనని చెప్పమన్నాను, నిజమే. ఎరగనని చెప్పి ఊరుకోవలసింది. వంటవాళ్ళతో మాట్లాడనంటావా? నీకు మాటలు నేర్పిందెవరురా? పులుసు పోశాక నాకు వెంటనే సిగ్గేసింది. అతిథి మీద వేడి పులుసు పోసిన వంటమనిషిని ఎక్కడైనా చూశామా? మీరంతా వెళ్ళిపోయాక అమ్మగారి దగ్గరికి వెళ్ళి, ఈసారి కూరగాయల మాటెత్తకుండా, ఉన్నదంతా చెప్పేశాను. వాడు నా తమ్ముడు, గుట్టు బయటపెట్టింది నేను, జోసెఫ్ పాపం ఏ పాపం ఎరగడు, నన్ను పంపించెయ్యండి అన్నాను.

ఆవిడ అల్లుతున్న మేజోడు పక్కన పెట్టి, "ఆ పులుసు పడ్డప్పుడే అనుకున్నాను రాగ్నా. పరాయివాళ్ళ మీద ఎవరూ అంత మనసు పెట్టి పొయ్యరు" అంది. తిట్టలేదు. పొమ్మనలేదు. జోసెఫ్‌ను మర్నాడే పిలిపించి క్షమించమని అడిగింది. నన్ను మాత్రం ఏమీ అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఈ పాటికి మర్చిపోయేదాన్ని.

రాగ్నా

తా.క. ఒళ్ళు కాలిందా? వెన్న రాసుకో, నీ దగ్గర ఉండేదే కదా.


నార్బీ
నవంబరు 12

అక్కకు,

ఇది రాయడానికి మొహం చెల్లడం లేదు.

స్లోకమ్ గెలిచాడు. విట్కమ్ గారు ఓడిపోయారు. ఆయనకు పడాల్సిన పాడి జిల్లాల ఓట్లన్నీ నాకు పడ్డాయి. నేను గెలవడానికి అవి చాలవు, ఆయన్ని ఓడించడానికి సరిపోయాయి. నేను ఓడినందుకు ఊళ్ళో బ్యాండు మేళం పెట్టి ఊరేగించారు. ఓలుఫ్ నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. అంత ఎత్తున కూచుంటే ఎటు చూడాలో తెలియలేదు.

పైగా నీ పని పోయేలా చేశాను. కొత్తవాళ్ళు వాళ్ళ వంటమనిషిని తెచ్చుకుంటారు కదా. వచ్చి మా దగ్గర ఉండక్కా. మేడ మీది గది హెల్గా కడిగి సిద్ధం చేస్తోంది.

నీ తమ్ముడు,
తోర్వాల్డ్

తా.క. మా ఊళ్ళో అందరి ఓట్లూ నాకే పడ్డాయి, ఒక్కటి తప్ప. అది విట్కమ్‌కు పడింది. ఆ ద్రోహి ఎవరో కనిపెట్టడానికి కమిటీ వేశారు. దానికి నన్నే పెద్దగా పెట్టారు. ఇంకా పట్టుబడలేదు, పట్టుబడతానని అనుకోను.


బిస్మార్క్
జనవరి 13, 1929

తమ్ముడు తోర్వాల్డ్‌కు,

అక్క రాగ్నా అదే వంటింట్లోంచి రాస్తున్నది. అవును, అదే వంటింట్లోంచి. మేడ మీది గది వేరే ఎవరికైనా ఇచ్చుకోండి.

విట్కమ్ గారు వెళ్ళేముందు ఆఖరి సంతకాల్లో మీ రోడ్డు కాగితం మీద కూడా పెట్టి వెళ్ళారు. ఆ సంగతి చెప్పమన్నారు. గుమ్మం దగ్గర అమ్మగారు నన్ను కావలించుకుంది. నేను మాత్రం ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

స్లోకమ్ గారి భార్య పెద్ద గడుసు మనిషి. దిగీ దిగగానే పనివాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి ఒకటే ప్రశ్న, "నువ్వు ఎవరికి ఓటేశావు?" తోటమాలి "మీ ఆయనకేనమ్మా" అన్నాడు. బట్టలుతికే ఆవిడా అదే. కారు నడిపే అతనూ అదే. అందరూ విట్కమ్ గారికే వేశారని నాకు తెలుసు. ఒక్కరి కనురెప్ప కూడా అదరలేదు.

నా వంతు వచ్చింది. "మీ ఆయనకేనమ్మా" అన్నాను.

తోరీ, అది నిజం.

ఓటేసే రోజు పెన్సిలు నీ పేరు దగ్గర పెడితే అమ్మగారు అల్లుతున్న మేజోడు కళ్ళ ముందుకొచ్చింది. ఆయన పేరు దగ్గర పెడితే నువ్వు చిన్నప్పుడు నా గౌను పట్టుకుని తిరగడం గుర్తొచ్చింది. బయట వరసలో వాళ్ళు దగ్గుతున్నారు. ఇద్దరిలో ఎవరికి వేసినా రెండోవాళ్ళకు మొహం చూపించలేననిపించింది. నేను ఏ రుణమూ పడనివాడు స్లోకమ్ ఒక్కడే. వాడికి గీత పెట్టి బయటపడ్డాను. ఇప్పుడు ఇద్దరికీ మొహం చూపించలేకపోతున్నాను.

అందుకే ఆ మాట చెబుతుంటే నా మొహం కందిపోయింది, నేల చూపులు చూశాను. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, మిగతావాళ్ళను వెళ్ళమంది. తలుపేసి, "ఇంతమందిలో నువ్వొక్కదానివే అబద్ధం చెప్పావు. నీకు అబద్ధమాడటం రాదమ్మా. ఇంత సిగ్గున్న మనిషి నా ఇంట్లో చెంచా కూడా దొంగిలించదు. నువ్వుండు" అంది.

కాదమ్మా, అది నిజమే అని చెబుదామని నోరు తెరిచాను. చెబితే అది కూడా అబద్ధమే అనుకుంటుంది. ఏప్రన్ కట్టుకుని పొయ్యి వెలిగించాను.

నీకు ఓటెయ్యని నీ అక్క,
రాగ్నా

తా.క. మళ్ళీ ఎప్పుడైనా నిలబడాలనిపిస్తే నాకు ముందుగా రాయి. ఆ రోజుకు జ్వరం తెచ్చుకుని పడుకుంటాను.