మొదటి నీళ్ళు

అమ్మా, నేను బాగానే ఉన్నా, కంగారుపడకు. ఎవరితోనూ మాట్లాడే పనుండదని చర్చిలో పూజ గుడ్డలు ఉతకడానికి పేరిచ్చా. పూజలో ఫాదర్ గారు ద్రాక్షరసం తాగిన పాత్ర తుడిచే గుడ్డలవి. రూములో నానబెట్టి, ఆ నీళ్ళు సింకులో పారబోశా. ఇస్త్రీ చేసి తీసుకెళ్తే, ఇన్నాళ్ళూ ఆ పని చూసిన మామ్మ అడిగింది.

"మొదటి నీళ్ళు ఏ చెట్టుకి పోశావురా? పూజలో ఆ రసం ప్రభువు రక్తమే కదా, గుడ్డలో చుక్కయినా ఉంటుంది, కాలవలో కలవకూడదు."

"గులాబీకి మామ్మా" అనేశా.

"నా బంగారుకొండ!" అని ఇంకో మూట ఇచ్చింది. దాన్ని ముట్టుకోబుద్ధి కావట్లేదు. నాన్న నడుంనొప్పి తగ్గిందా? చెల్లిని నా సైకిల్ తొక్కొద్దను, బ్రేకు పట్టదు. అందరికీ దండాలు. పొద్దున్నే ఫోన్ చేసి నన్ను బాగా తిట్టమ్మా, ఆ ఊపులో వెళ్ళి మామ్మకి నిజం చెప్పేస్తా.